గోడకు నెమ్ము, ఛాతీకి నెమ్ము

వానాకాలం వచ్చిందంటే ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో తరచు వినపడే మాట ఒకటి వుంది: "డాక్టరుగారూ, పిల్లాడికి నెమ్ము చేసిందండీ!" గోడకు పట్టిన చెమ్మనూ, ఛాతీలో చేరిన జబ్బునూ మనవాళ్ళు ఒకే మాటతో పిలుస్తారు. గోడలోని నీరు నేరుగా ఊపిరితిత్తులకు ఎక్కదు. అయినా ఈ రెండు నెమ్ములకూ చుట్టరికం వుంది. ఎన్ని సీసాల మందు పట్టించినా తగ్గని దగ్గుకు కారణం ఒక్కోసారి మంచం పక్కనున్న గోడలోనే వుంటుంది.

చెమ్మ వున్నచోట బూజు పెరుగుతుంది. దాని రేణువులు కంటికి కనిపించవు. గాలిలో తేలి ఊపిరితో లోపలికి పోతాయి. ఉబ్బసం వున్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది. ఎలర్జీ వున్నవారికి తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద వస్తాయి. ఇళ్ళలోని చెమ్మ, బూజుల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలనే ప్రచురించింది.

మరి నీరు ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టడం ఎలా? రోగిని పరీక్షించినట్టే గోడనూ పరీక్షించాలి.

మొదట మచ్చ ఎక్కడుందో చూడండి. నేలనుంచి రెండు మూడడుగుల ఎత్తువరకు వరసగా చెమ్మ, పైన తెల్లగా ఉప్పు పేరితే, అది భూమిలోంచి ఎక్కే తడి. పునాదిపైన తడిని ఆపే పొర లేని పాత ఇళ్ళలో ఇది మామూలు. పైకప్పున మచ్చ వానల్లో పెరిగి, ఎండల్లో ఆరితే లోపం డాబా మీద వుంది. నడివేసవిలోనూ ఆరని మచ్చ అయితే గోడలోని గొట్టాన్నో, అవతలి స్నానాలగదినో అనుమానించాలి.

రెండవది, రాత్రి పరీక్ష. పడుకునేముందు కుళాయిలన్నీ కట్టేసి, మిద్దెమీది ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. ఎవరూ వాడకుండానే తెల్లవారేసరికి మట్టం దిగితే నీరు ఎక్కడో పోతున్నట్టే. మర్నాటి రాత్రి ట్యాంకు కిందనున్న వాల్వు కూడా కట్టేసి చూడండి. అప్పుడు దిగకపోతే లోపం గొట్టాల్లో, ఆ తర్వాతి అమరికల్లో వుంది. అప్పుడూ దిగితే ట్యాంకునే చూడాలి. ఫ్లష్ తొట్టిలో కాస్త సిరా కలిపి అరగంట వదిలేయండి. నీళ్ళు వదలకుండానే కింద రంగు కనిపిస్తే అక్కడ కారుతున్నట్టు లెక్క.

మూడవది, ప్లాస్టిక్ కాగితం పరీక్ష. అడుగు చదరం కాగితాన్ని నాలుగంచులా గాలి చొరకుండా గోడకు అంటించి రెండు రోజులుంచండి. గోడవైపు నీటి బిందువులుంటే తడి గోడలోనిది. గదివైపు పడితే అది వంట ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి. దానికి కిటికీ తెరవడమే మందు!

"చుక్కలేగా" అని తీసిపారేయకండి. సెలైన్ గొట్టంలో సాధారణంగా 20 చుక్కలు 1 మిల్లీలీటరు. సెకనుకొక చుక్క చొప్పున ఆ లెక్కనే రోజుకు 4 లీటర్ల పైమాట, నెలకు దాదాపు 130 లీటర్లు గోడ తాగుతుంది.

ఇక చికిత్స. గోడ తడిగా వుండగా పైన రంగు వేయించడం పుండుమీద పౌడరు అద్దడమే. ముందు కారణాన్ని సరిచేయించండి. డాబామీద తూముల్లో ఆకులు తీయించి, పిట్టగోడ కలిసేచోట పగుళ్ళు పూడ్పించండి. స్నానాలగది రాళ్ళ సందులు తిరిగి నింపించండి. తుప్పుపట్టిన ఇనుప గొట్టాలకు అతుకులు వేయించేకంటే మార్పించడం మేలు. గోడను ఆనుకుని పోసిన మట్టిని తీయించండి. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత వద్దు. లోపలి తడి ఆరే దారిలేక ఇంకా పైకి ఎక్కుతుంది. సున్నపు పూతే వేయించాలి. తర్వాత కొన్ని వారాలు గోడను ఆరనివ్వండి.

బూజును పొడి చీపురుతో దులపకండి, రేణువులు గదంతా పరుచుకుంటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. ఉబ్బసం వున్నవారు ఈ పని చేయరాదు. బ్లీచింగ్ పౌడరునూ, యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

మరి రెండు ప్రమాదాలున్నాయి. చెమ్మగోడలోని స్విచ్చి బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటే, మెయిన్ కట్టించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మంచినీటి గొట్టానికి చిల్లిపడి పక్కన మురుగు వుంటే, సరఫరా ఆగిన వేళల్లో మురుగు లోపలికి చొరబడుతుంది. టైఫాయిడ్, కామెర్లు ఇలాగే ఇంట్లో అడుగు పెడతాయి. బాగు చేయించేవరకు నీళ్ళు మరగకాచి తాగండి.

అద్దె ఇల్లు, యజమాని పట్టించుకోవడం లేదంటారా? కనీసం పిల్లల పడకను ఆ గోడకు దూరంగా జరపండి. బీరువాను జానెడు ఎడంగా పెట్టండి. పరుపులు ఎండలో వేయండి.

అయితే ప్రతి దగ్గునూ గోడమీదికి నెట్టకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వాసుపత్రుల్లో క్షయ పరీక్ష ఉచితం. పిల్లవాడు ఎగశ్వాస తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా మేస్త్రీ కోసం వెదకకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. గోడ సంగతి తర్వాత చూసుకోవచ్చు.