వెలుగులు కట్టించే ముందు

దసరా ఇలా వెళ్లిందో లేదో మన ఊళ్లలో నిచ్చెనలకు పని మొదలవుతుంది. సూర్యాపేటలో అపార్టుమెంటు వాళ్లంతా కలిసి దీపావళి చేసుకున్నా, కోదాడలో కొత్త డాబాకు గృహప్రవేశమైనా, మిర్యాలగూడలో మిల్లు యజమాని ఇంట పెళ్లి కుదిరినా, డిసెంబరు రాగానే వాకిట్లో స్టార్ వేలాడదీసే ఇల్లయినా, అందరి నోటా వినిపించే మాట ఒక్కటే: ‘లైటింగ్ వాళ్లకు చెప్పారా?’

చెప్పేది ఎక్కువగా మగవాళ్లే. ఆఫీసు నుంచో, షాపులోంచో ఒక ఫోను. ‘ముందువైపంతా కట్టెయ్, పిట్టగోడ చుట్టూ రెండు వరసలు, గేటు దగ్గర ఫోకస్ లైటు.’ రేటు ఖాయమవుతుంది. మధ్యాహ్నం మూడింటికి టీవీఎస్ బండి మీద ఇద్దరొస్తారు. ఒకడు పెద్దవాడు, ఒకడు మీసాలు కూడా రాని పిల్లాడు. భుజాన తీగల చుట్ట, చేతిలో టెస్టరు, కటింగ్ ప్లయరు, జేబులో టేపు చుట్ట. ఇంట్లో ఉండేది ఇల్లాలే. ‘అమ్మా, బోర్డెక్కడుంది?’ అని అడుగుతారు. ఆమె చూపిస్తుంది. ఆ తర్వాత జరిగేదంతా ఆమెకు తెలియని వ్యవహారమని ఆమే అనుకుంటుంది, వాళ్లూ అనుకుంటారు. చీకటి పడేసరికి ఇల్లంతా మిలమిలా మెరుస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. కథ అక్కడికి అయిపోయినట్టే ఉంటుంది.

కానీ కథ అక్కడే మొదలవుతుంది.

ఒక్కసారి వెనక్కి వెళ్దాం. ప్రమిదల కాలంలో దీపం ఇల్లాలి చేతిలో ఉండేది. ఒత్తి చేసేది ఆమె, నూనె పోసేది ఆమె, గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించేది ఆమె. ఎక్కడ పెడితే చీర కుచ్చెళ్లకు అంటుకుంటుందో, ఎక్కడ పెడితే పిల్లాడి చెయ్యి అందుతుందో ఆమెకు తెలుసు. సీరియల్ సెట్టు వచ్చాక ఆ ఎరుక ఆమె చేతిలోంచి జారిపోయింది. బేరమాడేది ఒకరు, కట్టేది ఇంకొకరు. మరి ఆ తీగల మధ్య రోజంతా తిరిగేదెవరు? తెల్లారి వాకిలి కడిగేది, ముగ్గు వేసేది, చంటివాణ్ణి ఎత్తుకుని బాల్కనీలో నిలబడేది, తడి బట్టలు ఆరేసేది ఎవరు?

బట్టల దగ్గర కాస్త ఆగుదాం. మన ఇళ్లలో దండెం అంటే చాలాచోట్ల జీఐ తీగే. ఒక కొస మేడ మీది ఇనుప పైపుకు, ఇంకో కొస కిటికీ చువ్వకో రేకుల షెడ్డుకో కట్టి ఉంటుంది. లైట్లు కట్టేవాడికి అది వరంలా కనిపిస్తుంది. మేకు కొట్టే పని లేదు, తాడు కొనే పని లేదు. సీరియల్ సెట్టును దండెం వెంట చుట్టేసి వెళ్లిపోతాడు. సెట్టు తీగ సన్నం, పైపొర మరీ సన్నం. గాలికి ఊగి ఊగి ఒకచోట ఒరుసుకుపోతే ఇనుప తీగలోకి కరెంటు దిగుతుంది. ఆ సంగతి చూస్తే తెలియదు. పొద్దున్నే తడి చేతులతో, తడి చీరతో, తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. దండేనికి కరెంటు వచ్చి ఆడవాళ్లు పోయారన్న వార్త, కాపాడబోయిన భర్తో అత్తో కూడా పోయారన్న వార్త మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? అందుకే మొదటి మాట ఇదే. దండెం మీద లైట్లు కట్టనివ్వకండి. వీలైతే జీఐ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టించండి. దీనికి పండుగ దాకా ఆగక్కర్లేదు.

‘ఇప్పుడన్నీ ఎల్ఈడీలే కదమ్మా, షాక్ కొట్టదు’ అంటారు. ఇది సగం నిజం. ఎల్ఈడీ తక్కువ కరెంటు తాగుతుంది, వేడి తక్కువ. ఒక్కో సెట్టు 10 వాట్లనుకుంటే 20 సెట్లు కలిపి 200 వాట్లు. అయిదు గంటలు వెలిగితే ఒక్క యూనిట్. కాబట్టి బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. కానీ బజారులో దొరికే చవక సెట్లు చాలావరకు గోడ ప్లగ్గులోని 230 వోల్టులనే నేరుగా తీసుకుంటాయి. బల్బు ఎంత చిన్నదైనా తీగలో ఉన్నది ఇంటి కరెంటే. పైగా ఒక బల్బు పోతే దాన్ని కత్తిరించి, రెండు కొసలు మెలితిప్పి, టేపు చుట్టేసే అలవాటొకటి. అలాంటి అతుకులు పది ఉన్న సెట్టు వానలో తడిస్తే ఏమవుతుంది? దీపావళి వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అది తుపాన్ల కాలం. క్రిస్మస్, సంక్రాంతి రోజుల్లో వాన లేకపోయినా రాత్రంతా మంచు కురుస్తుంది. లోపల వాడే సెట్టు వేరు, బయట వాడేది వేరు. బయట కట్టేదాని మీద ఐపీ 65 లాంటి గుర్తు ఉందేమో చూడమనండి. లేకపోతే ఆ సెట్టు హాల్లోనే వాడుకోవచ్చు.

ఇక రెండో నమ్మకం: ‘ఎంసీబీ ఉంది, ఏదైనా అయితే అదే పడిపోతుంది.’ అక్కచెల్లెళ్లారా, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. ఎంసీబీ ఉన్నది వైర్లు కాలిపోకుండా. మనిషి కోసం కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు పారితేగానీ కదలదు. మనిషి ప్రాణానికి ముప్పు తేవడానికి అందులో రెండు వందల వంతు కరెంటే ఎక్కువ. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి పోతోందంటే అది కంటి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీద ‘టి’ అని ఒక మీట ఉంటుంది. నెలకొకసారి దాన్ని నొక్కి చూడాలి, టక్కున పడాలి. పడలేదంటే అది పాడైనట్టే. మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా? ఇవాళే చూడండి. లేకపోతే పండుగ లైటింగుకు పెట్టే డబ్బులో కొంత ముందు దీనికి పెట్టించండి. లైట్లు నాలుగు రోజులుంటాయి, ఇది ఏళ్ల తరబడి ఉంటుంది.

ఇదంతా చదివి ‘అయితే మనమే కట్టుకుంటే పోలా?’ అనుకోకండి. స్టూలు మీద స్టూలు వేసి, కొడుకును పిట్టగోడ ఎక్కించి కట్టించడం కన్నా పని తెలిసినవాణ్ణి పిలవడమే మేలు. అందులో నామోషీ లేదు, దుబారా కూడా కాదు. ఈ సరదా కొత్తదీ కాదు. 1882లో న్యూయార్కులో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు 80 రంగు బల్బులు పెట్టించాడు. అప్పటికి అది కరెంటు పని బాగా తెలిసినవాళ్లు మాత్రమే చేయగలిగిన వింత. ఇప్పుడు అమెరికాలో పండుగ ముందు ఇళ్లకు లైట్లు కట్టి, అయ్యాక విప్పుకుపోయే కంపెనీలే ఉన్నాయి. మాట్లాడుకునేటప్పుడే విప్పడం కూడా లెక్కలోకి వస్తుంది. పనివాళ్లకు ఇన్సూరెన్స్ ఉందా అని ఇంటివాళ్లు ముందే అడుగుతారు. వాళ్ల ఆడంబరం మనకు అక్కర్లేదు గానీ ఆ రెండు అలవాట్లు మాత్రం నేర్చుకోదగ్గవే.

మన దగ్గర ఏం జరుగుతుంది? కట్టడానికి ఉరుకుల మీద వచ్చిన మనిషి విప్పడానికి రాడు. ‘రేపొస్తనమ్మా’ అంటాడు. పెళ్లయి పదిహేను రోజులైనా తీగలు వేలాడుతూనే ఉంటాయి. స్విచ్చి తీశాం కదా అని మనం ఊరుకుంటాం. ఎవరో పొరపాటున నొక్కుతారు. అందుకని బేరంలోనే విప్పే రోజు ఖాయం చేసుకోండి. డబ్బులో కొంత విప్పాకే ఇస్తామని చెప్పండి. ఇది అపనమ్మకం కాదు, పద్ధతి.

బేరం సంగతి వచ్చింది కనుక ఇంకో మాట. కూరగాయల దగ్గర బేరం వేరు, దీని దగ్గర వేరు. అయిదొందలు తగ్గించమని పట్టుబడితే అతను తగ్గించేది లాభం కాదు. మంచి కేబులు బదులు సన్న తీగ తెస్తాడు. త్రీ పిన్ను ప్లగ్గు బదులు రెండు తీగల కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్ల గుచ్చుతాడు. ఇంకా తగ్గించమంటే, ‘మీటరు మీద భారం ఎందుకమ్మా, స్తంభం మీంచి లాగుతా’ అంటాడు. అది 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం. నేరం సంగతి అలా ఉంచి, మీటరూ ఫ్యూజూ ఆర్‌సీసీబీ ఏవీ అడ్డులేని కరెంటు అది. పెళ్లి పందిరికి ఎక్కువ లోడు కావాలంటే డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోవచ్చు.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన మాట ఆ పిల్లాడి గురించి.

టీవీఎస్ బండి వెనక కూర్చుని వచ్చాడే, వాడి గురించే. పెద్దవాడు కింద నిలబడి చెబుతుంటాడు. పైకెక్కేది వాడే. బరువు తక్కువ, భయం తక్కువ, కూలి కూడా తక్కువ. కాళ్లకు చెప్పులుండవు. పిట్టగోడ మీద నడుస్తూ, ఒక చేత్తో సెట్టు విసురుతూ, ఇంకో చేత్తో పైపు పట్టుకుంటాడు. పక్కనే 11 కేవీ తీగ పోతుంటుంది. ఆ తీగకు ఇంటికి మధ్య పక్కవైపు కనీసం 1.2 మీటర్లు, పైవైపు 3.7 మీటర్లు ఉండాలని నిబంధన. మన సందుల్లో ఇల్లు పెరుగుతూ పెరుగుతూ తీగ దగ్గరికే వెళ్లింది. అలాంటి తీగను ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరగా పోతే చాలు. విసిరిన సెట్టు కొస దాని మీద పడినా చాలు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పండుగ నాడు తీగకు దయ ఉండదు.

‘బడికి పోవా బిడ్డా?’ అని వాణ్ణి అడగండి. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. 2016లో సవరించాక ఆ చట్టం ఇంకా గట్టిపడింది. ‘మా తమ్ముడేనమ్మా, సాయంగా వచ్చిండు’ అని పెద్దవాడు అంటాడు. అయినా సరే, ‘మా ఇంటి మీదికి మాత్రం ఎక్కొద్దు తమ్మీ, కింద ఉండి తీగ అందించు’ అనే హక్కు ఇంటి ఇల్లాలిగా మీకుంది. మీ కొడుకును ఆ గోడ మీద నడవనిస్తారా? నడవనివ్వరు. మరి వాడి తల్లి కూడా ఏ మిల్లులోనో, పత్తి చేలోనో పనిచేస్తూ వాడి కోసం చూస్తుంటుంది.

ఆ పెద్దవాడినీ ఒక మాట అడగండి. ‘ఇన్సూరెన్స్ ఉందా తమ్మీ?’ లేదంటే చెప్పండి. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు రెండు లక్షలు వస్తాయి. ఇరవై రూపాయలు! మన గుమ్మానికి కట్టే బంతిపూల దండ వెల కూడా కాదు. మీరే ఆ ఇరవై ఇచ్చి పంపినా తప్పులేదు.

మొత్తం మీద ఇల్లాలు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. తీగలు జోడించేటప్పుడు మెయిన్ ఆఫ్ చేయించాలి. ప్లగ్గు, జాయింట్లు నేల మీద, నీళ్లు పారేచోట ఉండకుండా చూడాలి. గ్రిల్లుకు, ఇనుప గేటుకు, రేకుకు తీగ చుట్టనివ్వకూడదు. అన్నీ కట్టాక ఒక్కసారి టెస్టరుతో గేటూ గ్రిల్లూ చూపించమనాలి. పడుకునే ముందు ఆపేయాలి. పొద్దున వాకిలి కడిగే ముందు ప్లగ్గు పీకేయాలి. ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలన్నది ఇంట్లో పిల్లలకు కూడా నేర్పాలి. కరెంటు తీగ తెగి పడితే 1912కు ఫోన్ చేయాలి.

మిర్యాలగూడ పక్కనే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. కరెంటు మన ముంగిట్లోనే పుడుతోంది. కానీ మన బోర్డులో ఏముందో మనకు తెలియకపోతే ఎలా? బియ్యంలో రాయి ఏరగలిగిన కళ్లు, పాలు పొంగకముందే వాసన పట్టగలిగిన ముక్కు మనవి. నాలుగు తీగల సంగతి తెలుసుకోలేమా?

ఈసారి లైటింగ్ వాళ్లు వచ్చి ‘అమ్మా, బోర్డెక్కడుంది?’ అని అడిగితే బోర్డు చూపించి లోపలికి వెళ్లిపోకండి. అక్కడే నిలబడండి. అడగండి. టీ ఇవ్వండి, మళ్లీ అడగండి. ఆ పిల్లాడు నిచ్చెన ఎక్కకుండా చూడండి. రాత్రికి ఇల్లు వెలిగినప్పుడు ఆ వెలుగులో ఎవరి ఇంటి దీపమూ పణంగా లేదన్న తృప్తి మీకు మిగులుతుంది.