కళ్లంలోకి వచ్చిన మిషను

మొన్న సోయా నూర్పిళ్లప్పుడు కంగ్టి వెళ్లాను. మా అన్నయ్య కళ్లంలో నూర్పిడి మిషను హోరుమంటోంది. మిషను మా అన్నయ్యది కాదు. ఎవరో ట్రాక్టరుకు తగిలించుకుని వచ్చారు. సంచికి ఇంత అని లెక్క. పని కాగానే సంచులు లెక్కపెట్టి, డబ్బు పుచ్చుకుని, మరో చేనికి వెళ్లిపోతారు. గింజ మాత్రం మన కళ్లం దాటదు.

హైదరాబాదులో కంప్యూటర్ల కొలువు చేసే మా మేనల్లుడూ వచ్చాడు. పొట్టు దులుపుకుంటూ, "మా కంపెనీల ఇప్పుడు చేస్తున్నది ఇదే పని మామా" అన్నాడు.

"కంప్యూటర్లు సోయా నూరుతున్నయారా?" అన్నాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి ఇంతకంటె మంచి ప్రశ్న తోస్తుందా?

వాడు చెప్పింది ఇది. నలుగురి లెక్కలూ ఒకచోట దాచి నడిపే పెద్ద కంప్యూటరును సర్వరంటారు. సంస్థలు దాన్ని సొంతాన కొనుక్కునేవి. కాదంటే, ఎక్కడో ఉన్న కంపెనీ యంత్రాల మీద తమ లెక్కలు పెట్టి, వాడుకున్నంతకు అద్దె కట్టేవి. దీనికే క్లౌడని పేరు. గింజను బండికెత్తి పట్నం మిల్లుకు తోలడమన్నమాట. మూడో దారిలో కంపెనీవారే యంత్రాలు తెచ్చి మన గదిలో బిగిస్తారు. యంత్రం వారిది, చోటు, కరెంటు మనవి. ఎంత వాడామో కొలిచే మీటరు ఉంటుంది, నెలకోసారి బిల్లు వస్తుంది. హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ వారు 2017లో గ్రీన్‌లేక్ పేరుతోనూ, డెల్ వారు 2021లో ఏపెక్స్ పేరుతోనూ ఈ బేరం పెట్టారు.

ఆలోచిస్తే ఇది మరీ కొత్తదీ కాదు. 1959లో అమెరికాలో జిరాక్స్ 914 అనే నకళ్ల యంత్రం వచ్చింది. కొనాలంటే మోయలేని ధర. అందుకని కంపెనీవారు ఆఫీసులకు అద్దెకిచ్చారు. నెలకు 95 డాలర్లు. మొదటి 2000 నకళ్లు అందులోనే, ఆపైన కాగితానికింత. లోపల మీటరు ఉండేది. ఆ పేరే ఇవాళ మన ఊళ్లలో ప్రతి నకలుకూ పేరై కూర్చుంది.

నేనింత శ్రద్ధగా వినడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా యాజమాన్యంవారు కళాశాలలకూ, తమ ఆసుపత్రికీ కలిపి ఒక సర్వరు కొన్నారు. పరీక్షల రోజుల్లో, ఫలితాల వారంలో అది రొప్పేది. తక్కిన సంవత్సరమంతా నిద్ర. ఐదేళ్లకు పాతబడింది, విడిభాగాలు దొరకలేదు. ఒక ఫలితాల ఉదయం ఆగే పోయింది. పిల్లలూ, తల్లిదండ్రులూ మధ్యాహ్నం దాకా వరండాలో నిలబడ్డారు. ఏం జవాబు చెప్పాలో తెలియక తల వంచుకుని నడిచిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు మళ్లీ సంఘం వేశారు. అందులో నా పేరూ ఉంది!

మీటరు పద్ధతిలో రద్దీకని కొంత అదనపు శక్తి ముందే మన గదిలో సిద్ధంగా పెడతారు, వాడితేనే డబ్బు. రిపేర్లు, పాతవాటి మార్పిడి ఒప్పందాన్నిబట్టి వారి మీదే. నెట్టు పోయినా ఆసుపత్రి లోపలి పని సాగుతుంది. రోగుల కాగితాలు మన కప్పు కిందే ఉంటాయి. ఇది నాకు అన్నిటికంటె నచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, పని ఎవరికి అప్పగించినా బాధ్యతను సమాచారం సేకరించినవారి మీదే పెట్టింది.

ఇదంతా విని మా అన్నయ్య నవ్వాడు. "అంతా మంచిగనే ఉన్నది. పది సంచులకు తక్కువైతే మిషనోడు ఏమంటడో అడుగు. వచ్చినా పది సంచుల పైసలు పెట్టాలె."

మేనల్లుడు తల గోక్కున్నాడు. అక్కడా అంతేనట. మూడేళ్లో, ఐదేళ్లో ఒప్పందం. మీటరు తిరిగినా తిరగకున్నా నెలకు ఇంత అని కనీసపు కట్టుబడి. ఎప్పుడూ ఒకే మోతాదులో పని ఉండేవాడికి సొంత యంత్రమే చవక పడవచ్చు. మరీ చిన్నవాళ్లకు పట్నం మిల్లే మేలు.

తిరిగి వచ్చాక సంఘం కూడింది. కంపెనీ ప్రతినిధి రంగురంగుల బొమ్మలు చూపించాడు. అంతా అయ్యాక, "బాబూ, పది సంచులకు తక్కువైతే ఎంత?" అని అడిగాను. మొదట అర్థం కాలేదు పాపం. విడమరిచి చెప్పాక, కనీసపు సొమ్ము కాగితం మీద రాసి సోమవారం తెస్తానన్నాడు. సంతకం అప్పటిదాకా వాయిదా వేశాం.