శివరాత్రికి ఆదివారమేల?

“భక్తి యున్నఁ జాలును, తిథితోఁ బనియేమి? శివరాత్రిని ఆదివారమునకు మార్చినఁ దప్పేమి?” అని మనలోఁ గొందఱు విద్యావంతులు వాదించుచున్నారు.

2025లో మాఘ బహుళ చతుర్దశి ఫిబ్రవరి 26న, బుధవారము, మధ్యాహ్నమునకు ముందు ప్రవేశించి మఱునాటి యుదయమున ముగిసెను. అర్ధరాత్రమునఁ జతుర్దశి యుండవలెనను నియమముచేఁ బండుగ 26ననే జరిగెను. ఇది మూఢవిశ్వాసము గాదు. సూర్యచంద్రుల యంతరమును గణించి తేల్చిన కాలము. పై యాదివారము, మార్చి 2, ఫాల్గుణ శుద్ధ తదియ! పడమట నెలవంక వెలుఁగుచుండఁగా శివరాత్రి జాగరణమా?

పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రలో శివరాత్రికి శ్రీశైలమేఁగు జనసందోహమును వర్ణించెను. తంతివార్తలు లేని యా దినములలో నానాదేశములవారిని ఒక్క రాత్రికిఁ జేర్చినది తిథియే గదా! నేఁడును పాలకుర్తి గుట్టపై సోమేశ్వరుని జాతరకు వచ్చు రైతు ఎవరి యాహ్వానమునకును ఎదురుచూడఁడు.

సెలవు దొరకని విదేశవాసులు ఆదివారమునఁ గూడి భజన చేసికొందురుగాక, ఎవరు వలదనిరి? దానికి శివరాత్రి యను పేరు మాత్రము పెట్టవలదు.