ఇల్లు ఉచితం, తాళంచెవి కాదు

2001 డిసెంబర్‌లో మిగెల్ డి ఇకాజా, నాట్ ఫ్రీడ్‌మన్‌ల జిమియన్ కంపెనీ విడుదల చేసిన ఎవల్యూషన్ 1.0 చూడ్డానికి మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌కు కవలపిల్లే. మెయిల్, క్యాలెండర్, చిరునామాలు అన్నీ ఒకే తెర మీద. లినక్స్ వాడే ఉద్యోగికి ఇది చిన్న ఊరట కాదు, మీటింగ్ కబురు కోసం పక్కన విండోస్ యంత్రం పెట్టుకునే బాధ తప్పుతుంది. ప్రోగ్రామ్ ఉచితమే. చిక్కల్లా ఆఫీసు మెయిల్ ఉండే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌తోనే. అందులోకి వెళ్లాలంటే కనెక్టర్ అనే మరో ప్రోగ్రామ్ కొనాలి. ఒక్కొక్కరికి 69 డాలర్లు, పైగా కోడ్ గుట్టు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జెండా మోసే కంపెనీకి ఇది కాస్త ఎబ్బెట్టే. కానీ జీతాలివ్వాలి కదా! 2003లో జిమియన్‌ను కొనేసిన నోవెల్, 2004 మేలో కనెక్టర్ కోడ్‌ను అందరికీ ఇచ్చేసింది. ఆ 69 డాలర్ల టోల్‌గేటు అలా లేచింది.