విద్యాస్థానాలకు భూమి - శాసనసాక్ష్యం

విశ్వవిద్యాలయాల విస్తరణకై భూమిని సేకరించినప్పుడు నలందా తామ్రశాసనాన్ని, మల్కాపురం శిలాశాసనాన్ని ఉదాహరించటం శంకుస్థాపన సభలలో పరిపాటి అయినది. ప్రాచీనులు విద్యకు గ్రామాలకు గ్రామాలే సమర్పించినారు, నేడు కొన్ని వందల ఎకరాలకు ఆక్షేపణ ఎందుకు అన్నది ఆ ఉపన్యాసాల సారాంశం. ఈ పోలిక వినుటకు ఇంపుగా ఉన్నదే గాని విచారణకు నిలువదు. ఆ దానాలలో చేతులు మారిన వస్తువు ఏమిటన్న ప్రశ్ననే ఈ వక్తలు వేసుకొనలేదు.

పూర్వమీమాంసలో షష్ఠాధ్యాయ సప్తమపాదాన విశ్వజిద్యాగ విచారం కలదు. యజమానుడు సర్వస్వాన్ని దక్షిణగా ఇవ్వవలెనని విధి. రాజే యజమానుడైనచో భూమినంతటినీ ఇవ్వవచ్చునా అని సంశయం. ఇవ్వరాదని సిద్ధాంతం; భూమి అందరికీ సమానం కావటం హేతువు. జైమినీయన్యాయమాలలో మాధవాచార్యుడు ఈ విషయాన్నే విశదం చేస్తూ రాజుకున్నది పాలనాధికారమే గాని భూస్వామ్యం కాదన్నాడు. 17వ శతాబ్దిలో నీలకంఠభట్టు వ్యవహారమయూఖంలో మరింత స్పష్టంగా తేల్చినాడు. క్షేత్రాలలో స్వత్వం ఆయా భౌమికులది. రాజుకు కరగ్రహణం మాత్రమే. కనుక రాజు చేసే గ్రామదానం వృత్తికల్పన మాత్రమే. భౌమికుల నుండి కొని ఇచ్చినప్పుడే అది యథార్థమైన భూదానం. కాత్యాయనుడు రాజును భూస్వామి అన్నాడు గదా అని ఆక్షేపించవచ్చును. ఆయన సైతం ఆ స్వామ్యానికి ఫలంగా చెప్పినది పంటలో ఆరవ భాగమే. మీమాంస చదివినవారు కూడ ఈ అధికరణం యాగవిషయకమని చెప్పి దాటిపోవటం విచారకరం. లోకవ్యవహారానికి ఇంతగా పనికివచ్చే అధికరణాలు అట్టే లేవు.

ఈ దృష్టితో శాసనాలను చూడవలెను. సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించి అర్థింపగా, పాలరాజు దేవపాలుడు 9వ శతాబ్దిలో అయిదు గ్రామాలు ఇచ్చినాడు. ఆ ఆదాయం దేనికి వినియోగం కావలెనో శాసనంలోనే కలదు: పూజకు, భిక్షువుల అన్నవస్త్రాలకు, శయ్యలకు, రోగులకు ఔషధాలకు, గ్రంథలేఖనానికి, శిథిలమైన విహారభాగాల మరమ్మతుకు. గ్రామవాసులు అంతవరకు రాజుకు చెల్లించిన భాగభోగకరాదులు ఇకమీదట విహారానికి చెందుతాయి. రైతు తన పొలంలోనే ఉన్నాడు. అతని కొల్లులో పడిన రాశి చేరే చోటు మాత్రమే మారినది.

మల్కాపురం శాసనం మరింత సమీపమైనది. శకవర్షం 1183లో, అనగా క్రీ.శ. 1261లో, కాకతి రుద్రమదేవి తన తండ్రి గణపతిదేవుడు ఇచ్చిన మందడ గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని, గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశివునికి ధారపోసినది. ఆచార్యుడు అక్కడ దేవాలయం, మఠం, విద్యామండపం, సత్రం నెలకొల్పినాడు. ఋగ్యజుస్సామాలకు ముగ్గురు, పద, వాక్య, ప్రమాణ, సాహిత్య, ఆగమాలకు అయిదుగురు, ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు. ఆదాయంలో ఒక భాగం శివునికి, ఒక భాగం విద్యార్థులకు, మఠానికి, మూడవ భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి. ప్రసూతిశాల విద్యాస్థానానికి అనుబంధమై ఉండటం గమనింపదగినది. నేడు ఎన్ని ఆవరణలలో ఇది కలదు? అయితే నీలకంఠుని వాక్యం ఇక్కడ సంపూర్ణంగా అన్వయించదని కూడ అంగీకరింపవలెను. ఆచార్యుడు రప్పించి నిలిపిన 60 కుటుంబాలకు దక్కినవి క్షేత్రాలే.

ఆ మందడం, ఆ వెలగపూడి నేడు అమరావతి రాజధాని ప్రాంతంలోనివి. 2015లో భూసమీకరణ పద్ధతిలో 30 వేల ఎకరాలకు పైగా సాగుభూమి ప్రభుత్వానికి చేరినది. అందులోనే ఐనవోలు, నీరుకొండ గ్రామాలలో రెండు ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు స్థలాలు కేటాయింపగా 2017లో అక్కడ పాఠాలు ఆరంభమైనవి. భూమి ఇచ్చిన రైతుకు అభివృద్ధి చేసిన నివేశనస్థలం, 10 సంవత్సరాల కౌలు. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అని నాటి ఏర్పాటు. ఏర్పాటు మంచిదా కాదా అన్నది వేరు చర్చ. ఇక్కడ మారినది పంటలో భాగం కాదు, పంటయే లేకపోయినది. మిరపకోతకు, అరటితోటకు వెళ్ళిన కూలి చేతికి పని లేకపోయినది. 1261 నాటి శిలను ఈ వ్యవహారానికి సాక్షిగా నిలబెట్టటం ఆ శిలకు అపచారం.

సేకరించే సంస్థలకు కూడ శాస్త్రం ఒక రక్ష కల్పించినది. యాజ్ఞవల్క్యుడు ఆచారాధ్యాయంలో భూమి నిచ్చిన రాజు పటంపై గాని తామ్రఫలకంపై గాని లేఖ్యం వ్రాయించవలెనని, ఎల్లలు, పరిమాణం, ముద్ర, కాలం అందులో ఉండవలెనని శాసించినాడు. రాబోయే రాజులు తెలిసికొనుటకై అని ప్రయోజనం సైతం చెప్పినాడు. ఇది పాటింపకపోతే ఏమగునో హైదరాబాదు విశ్వవిద్యాలయం విషయంలో కనబడుచున్నది. 1974లో స్థాపితమైన ఆ సంస్థకు సుమారు 2,300 ఎకరాలు చూపినారు. యాజమాన్యం బదిలీ చేసిన పత్రం లేదని ప్రభుత్వపక్షం. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో 2025 మార్చి చివర చెట్లు కూల్చినారు, విద్యార్థులు అడ్డుపడినారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపినది. అర్ధశతాబ్ది గడిచినా ఎల్లలు వివాదగ్రస్తాలే.

కావున విస్తరణకై భూమి కోరే విశ్వవిద్యాలయం సమర్పించే పత్రంలో భవనాల పటంతోపాటు మరి రెండు విషయాలు చేరవలెను. ఆ నేలపై పని చేసిన కుటుంబాలు ఎన్ని, వారి పిల్లలకు ఆ సంస్థలో ప్రవేశం, పెద్దలకు వైద్యం ఏ పద్దు క్రింద జరుగును అన్నది ఒకటి. ఏ శాస్త్రానికి ఎందరు అధ్యాపకులు అన్నది రెండవది. ప్రాచ్యకళాశాలల పాలకవర్గాలు తమ సంస్థలకు దాతలు వ్రాసి యిచ్చిన దానపత్రాలను ఒకసారి వెలికి తీయించి, వినియోగాన్ని గూర్చి వాటిలో ఏమున్నదో చదివించుట ఈలోగా చేయదగిన పని. అనేకచోట్ల ఆ పత్రాలు ఏ పెట్టెలో ఉన్నవో కార్యాలయానికి సైతం తెలియదు.