నెల తిరక్కముందే కళ్లు చూపించండి

పుట్టినప్పుడు బరువు కిలోంపావు. మూడు వారాలకు పైగా అద్దాలపెట్టెలో ఉంది. కాస్త తేరుకున్నాక ఇంటికి పంపేశారు. గండం గడిచిందనుకున్నారు అమ్మానాన్నలు. పాపకు చూపు లేదని నాలుగున్నర నెలలకు తెలిసింది! 1996లో చెన్నైలోని ఓ ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన పాప ఆమె. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కంటి పరీక్ష చేయకపోవడాన్నీ, చేయించాలని చెప్పకపోవడాన్నీ తప్పుపట్టిన కోర్టు 2015లో సుమారు కోటీ 80 లక్షల పరిహారం ఇమ్మంది. డబ్బు సరే, చూపో?

ఆ జబ్బు పేరు రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ. డాక్టర్లు ఆర్‌ఓపీ అంటారు. కంటి లోపలి తెర... అదే, రెటీనా... దానిమీద రక్తనాళాలు అల్లుకోవడం దాదాపు నెలలు నిండేదాకా సాగుతుంది. బిడ్డ ముందే పుడితే ఆ అల్లిక మధ్యలో ఆగిపోతుంది. తర్వాత వంకర టింకరగా కొత్త నాళాలు పుట్టుకొచ్చి, కొందరిలో తెరను అంటిపెట్టుకుని లాగేస్తాయి. తెర ఊడితే చూపు పోయినట్టే. ప్రాణం నిలబెట్టే ఆక్సిజన్ మోతాదు మించినా ఈ ముప్పు పెరుగుతుంది. 1950లో నెలలు నిండకుండా పుట్టిన అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ చూపు పోయింది ఇలాగే. అప్పట్లో భయపడి ఆక్సిజన్ బాగా తగ్గించేస్తే పసిప్రాణాలే పోయాయి. కాబట్టి 'గొట్టం తీసేయండి' అని మీరు డాక్టరుతో పోట్లాడకండి. ఎంత ఇవ్వాలో చూసుకోవడం వాళ్ల పని, కంటి పరీక్ష ఎప్పుడని అడగడం మన పని.

మన దగ్గర ఇంకో చిక్కుంది. అమెరికాలో ప్రధానంగా కిలోన్నర లోపు పిల్లలకు ఈ పరీక్ష చేస్తారు. మన దేశంలో అంతకన్నా బరువున్న పిల్లల్లోనూ జబ్బు కనిపిస్తోంది. అందుకే ఇక్కడ రెండు కిలోల లోపు, లేదా 34 వారాలు నిండకుండా పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలంటారు. ఈ సంగతిని గట్టిగా చెప్పినవాళ్లలో మన జంటనగరాల డాక్టర్లున్నారు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి చెందిన డాక్టర్ సుభద్రా జలాలీ బృందం 1990ల చివర్లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. పసికందును కంటాసుపత్రికి మోసుకురమ్మనకుండా, కంటి డాక్టరే పిల్లల వార్డుకు వెళ్లడం! ఎంత తేలికైన ఆలోచనో కదా.

అసలు తంటా ఇంటికొచ్చాకే. సికింద్రాబాద్‌లో పురుడు పోసుకున్న అమ్మాయి బిడ్డనెత్తుకుని ఏ జనగామకో, భువనగిరికో పుట్టింటికి వెళ్తుంది. "అసలే అర్భకపు పిల్ల, బయట తిప్పకండి. మూడో నెల రానీ, చూద్దాం" అంటుంది అమ్మమ్మ. ఆవిడ ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఈ జబ్బు మూడో నెల దాకా ఆగదే! మొదటి పరీక్ష 30 రోజుల్లోపు జరగాలి. 28 వారాల లోపు పుట్టినా, 1200 గ్రాముల లోపున్నా ఇంకా ముందే, 20 రోజులకే. పైకి చూస్తే కళ్లు చక్కగానే ఉంటాయి, దీపం దగ్గర పెట్టి చూస్తే తెలిసేది కాదు. నల్లగుడ్డులో తెల్లగా కనిపించేనాటికి చాలాసార్లు చేయిదాటిపోతుంది.

పరీక్షకు మత్తు అక్కర్లేదు. చుక్కలు వేసి, పాప పెద్దయ్యాక లోపలికి చూస్తారు. ఈ పాప అంటే కంటిపాపేలెండి. బిడ్డ కాసేపు ఏడుస్తుంది, అంతే. చికిత్స కావాలంటే మాత్రం రెండు మూడు రోజుల్లోనే లేజరో, కంట్లో ఇంజెక్షనో ఇవ్వాలి. ఒకసారి చూసి 'బాగానే ఉంది' అన్నా అయిపోలేదు. రక్తనాళాలు పూర్తిగా అల్లుకునేదాకా వారానికో, రెండు వారాలకో రమ్మంటారు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకున్నాకే ఊరికి బండెక్కండి.