పట్టు ఒంటరిగా కొనొద్దు, బిల్లు లేకుండా చీర ఇవ్వొద్దు!

ధర్మవరం నేతన్నలారా, కండెలు చుట్టే అక్కలారా, నాలుగైదు మగ్గాలతో బతుకు నెట్టుకొస్తున్న చిన్న మాస్టర్ వీవర్లారా!

మన మగ్గం మీదికి వచ్చే పట్టు ఎన్ని చేతులు దాటి వస్తుందో మీకు తెలుసు. పట్టుగూళ్లు హిందూపురంలో, శిడ్లఘట్టలో, రామనగరలో వేలానికి వస్తాయి. రీలింగు వాళ్లు దారం తీస్తారు. పురి పడాలి, రంగు ఎక్కాలి, పడుగు తయారవ్వాలి. జరీ సూరత్ నుంచి రావాలి. కొంత ముడిపట్టు చైనా నుంచి దిగాలి. ఇందులో ఎక్కడ ఆటంకం వచ్చినా గుంటలో మన కాళ్లు ఆగిపోతాయి.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు చూశాం. నేసిన చీరలు ఇంట్లోనే ఉండిపోయాయి, కొత్త పట్టు రాలేదు. ఆ తర్వాత 2021, 2022లో ముడిపట్టు ధర కొండెక్కింది. 2021 బడ్జెట్టులో దిగుమతి ముడిపట్టు మీద సుంకాన్ని 10 నుంచి 15 శాతానికి పెంచారు. గూళ్లు పండించే రైతుకు మంచి ధర రావాల్సిందే, అతని కష్టం మనకు తెలుసు. కానీ ధర పెరిగిన రోజున నేసేవాడు ఎట్లా తట్టుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

ఒక్కసారి లెక్క చూడండి. చీరకు సుమారు అరకిలో పట్టు పడుతుందనుకుందాం. కిలోకు వెయ్యి రూపాయలు పెరిగితే చీరకు ఐదు వందలు. షాపాయన పాత రేటుకే ఇమ్మంటాడు. ఆ ఐదు వందలు ఎక్కడి నుంచి పోతున్నాయి? నేసే ఆయన కూలిలోంచి, కండెలు చుట్టే ఆమె కష్టంలోంచి. పట్టు అప్పుగా తెచ్చుకున్నాం గనుక అప్పిచ్చినవాడు చెప్పిన ధరకే చీర ఇస్తున్నాం. మన మెడకు ఉరి అక్కడే పడుతోంది.

అందుకే వీధికొక గుంపుగా కలిసి పట్టు కొందాం. పది ఇళ్ల అవసరం ఒకే ఆర్డరైతే బేరం చేసే బలం వస్తుంది, రవాణా ఖర్చు పంచుకోవచ్చు. ఒక వారం సరుకు ఆగినా గుంపు నిల్వలోంచి తీసుకోవచ్చు. సహకార సంఘం ఉన్నచోట దాని ద్వారానే కొందాం. సంఘం నిద్రపోతుంటే సభ్యులుగా వెళ్లి తట్టి లేపుదాం. కేంద్ర ముడిసరుకు సరఫరా పథకంలో జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా కొనే నూలుకు, దేశవాళీ పట్టుకు పరిమితి మేరకు 15 శాతం ధర రాయితీ పెట్టారు. ఆ పథకాన్ని 2025-26 వరకు అని ప్రకటించారు. గడువు పేరుతో అది ఆగిపోకూడదు. రాయితీ పట్టు కోసం మనం ఊళ్లు తిరగడం కాదు, ధర్మవరంలోనే నెల రోజులకు సరిపడా నిల్వ పెట్టాలని ప్రభుత్వాన్ని అడుగుదాం.

ఇక బాకీల సంగతి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం మన పక్షాన ఉంది. దాని రక్షణ కోసం చేయించుకోవాల్సిన ఉద్యం నమోదు ఉచితం. నమోదైన నేతగాడి దగ్గర సరుకు కొన్నవాడు ఒప్పందం రాసుకుంటే ఆ గడువులోగా, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోగా డబ్బు కట్టాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. ఫిర్యాదుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అయితే వీటన్నిటికీ చేతిలో బిల్లు ఉండాలి. చీటీ ముక్క మీద, నోటి మాట మీద ఇచ్చిన చీరకు రుజువేది?

బిల్లు అడిగితే షాపు వాళ్లు మనల్ని మానేస్తారన్న భయం ఉంది, అది నిజమైన భయమే. ఒక్కడు అడిగితే పక్కింటికి పోతారు. వీధంతా అడిగితే ఎక్కడికి పోతారు?

చీరల షాపుల యజమానులకూ ఒక మాట. పట్టు ధర పెరిగిన నెలలో కొనుగోలు ధర కూడా పెంచండి. ఆర్డరుతో పాటు కొంత అడ్వాన్సు ఇవ్వండి. మగ్గం మూతపడితే మీ షాపులో ధర్మవరం చీర ఎక్కడిది?

ఈ వారంలోనే ఒక సాయంత్రం మీ వీధిలో కూర్చోండి. గత మూడు నెలల పట్టు బిల్లులు, రావలసిన బాకీల చిట్టా, ఆధార్, పాన్ కార్డు తెచ్చుకోండి. చదువుకున్న పిల్లలను వెంట తీసుకురండి. ఉద్యం నమోదు అక్కడికక్కడే ఫోనులో చేయించుకోవచ్చు. మొదటి ఉమ్మడి ఆర్డరుకు ఎవరికి ఎన్ని కిలోలు కావాలో అదే రోజు రాసుకుందాం.

ఇట్లు,
ధర్మవరం చేనేత కార్మికులు, చిన్న మాస్టర్ వీవర్లు